దంతవైద్య నిర్లక్ష్యానికి నష్టపరిహారం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ రోగుల ముందున్న చట్టమార్గం

2016 అక్టోబరు 11న పూర్వ మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. కలెక్టరేట్లు చేరువైనా వినియోగదారుల కమిషన్ మాత్రం మహబూబ్‌నగర్‌లోనే ఉండిపోయింది. మరోవైపు, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ వాసికి కర్నూలు, రాయచూరు దగ్గరి పట్టణాలు. పొరుగు రాష్ట్రంలో చేయించుకున్న పంటి చికిత్స వికటిస్తే ఫిర్యాదు ఎక్కడ దాఖలు చేయాలన్నదే ఇక్కడ తొలి ప్రశ్న.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ప్రతివాది ఉన్నచోట గాని, వివాద కారణం ఉత్పన్నమైన చోట గాని ఫిర్యాదు చేయవలసి ఉండేది. కర్నూలులో పన్ను తీయించుకున్న గద్వాల రోగికి కర్నూలు ఫోరమే గతి. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం, 34వ సెక్షన్‌లో, ఫిర్యాదుదారు నివసించే చోటును కూడా చేర్చింది. ఆ రోగి ఇప్పుడు కర్నూలు వైద్యునిపై మహబూబ్‌నగర్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. సరిహద్దు జిల్లాలకు ఈ చట్టం చేసిన అసలైన మేలు ఇదే. పైగా కమిషన్ స్థాయిని నిర్ణయించేది కోరిన పరిహారం కాదు, చికిత్సకు చెల్లించిన మొత్తం. అది 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు.

వైద్యం 'సేవ' కిందికి వస్తుందని 1995 నవంబరు 13న వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దంతవైద్యానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి దీని పరిధిలోకి రాదు. అక్కడి రోగికి సివిల్ న్యాయస్థానమే మార్గం.

చికిత్స విఫలమైనంత మాత్రాన నిర్లక్ష్యం రుజువు కాదు. ఆ వృత్తిలో సామాన్య నైపుణ్యం గల వ్యక్తి చూపవలసిన శ్రద్ధ లోపించిందా అన్నదే 2005 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు ఆమోదించిన కొలమానం. రూట్ కెనాల్ చేస్తుండగా సన్నని ఫైలు విరగడం నిపుణుల చేతిలోనూ జరుగుతుంది. విరిగిన సంగతి రోగికి చెప్పకుండా పన్ను మూసివేయడం వేరు. పుచ్చిన పన్ను ఉండగా పక్కనున్న మంచి పన్ను తీసివేస్తే వాదించడానికి పెద్దగా మిగలదు.

నిరూపణ భారమే కష్టం. స్థానికంగా సాటి వైద్యునికి వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చే దంతవైద్యుడు దొరకడం అరుదు. హైదరాబాదు ఆసుపత్రికి సంబంధించిన వి. కిషన్‌రావు కేసులో (2010), ప్రతి కేసులోనూ నిపుణుని సాక్ష్యం అవసరం లేదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ ప్రాంతానికి మరింత పరిచితమైన పోలిక విత్తనాలది. మహబూబ్‌నగర్, కర్నూలు తదితర ఫోరాల నుండి వెళ్ళిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో (2012), ప్రయోగశాల పరీక్ష కోసం రైతు విత్తనాలు దాచి ఉంచుతాడని ఆశించలేమని అదే న్యాయస్థానం అన్నది. విత్తిన గింజ మాదిరిగానే తీసివేసిన పన్ను కూడా రోగి చేతిలో మిగలదు. కనుక చికిత్సకు ముందూ తరువాతా తీసిన ఎక్స్‌రేలు, పంటి సంఖ్య రాసిన చీటీ, సమ్మతి పత్రం, వేరొక వైద్యుడు సరిచేసినప్పటి నివేదిక కీలకమవుతాయి.

గడువు రెండేళ్ళు. లోపం దాగి ఉన్నప్పుడు అది తెలిసిన నాటి నుండి లెక్కించవచ్చని వి.ఎన్. శ్రీఖండే తీర్పు (2010) అంగీకరించింది. కాని ఆ కేసులో నొప్పి ఉన్నా ఏళ్ళ తరబడి ఊరకున్న ఫిర్యాదుదారుకు ఊరట దక్కలేదు. దవడ తిమ్మిరిని 'అదే పోతుందిలే' అని భరించేవారు గమనించవలసిన విషయమిది. జాప్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు.

పరిహారంలో చెల్లించిన ఫీజు, సరిచేయించుకున్న ఖర్చు, పోయిన కూలి, శారీరక మానసిక వేదన చేరతాయి. నగదు ఇచ్చి రసీదు అడగని దినకూలీ ఇక్కడే చిక్కులో పడతాడు. ఫోన్ ద్వారా చేసిన చెల్లింపు, మందుల చీటీ అతనికి కొంత ఆధారం. దంతవైద్యుల మండలికి విడిగా ఫిర్యాదు చేయవచ్చు గాని, అది వైద్యునిపై క్రమశిక్షణ చర్య తీసుకోగలదే తప్ప రోగికి పరిహారం ఇప్పించలేదు. ఆన్‌లైన్ దాఖలు, దృశ్యమాధ్యమ విచారణకు 2019 చట్టం వీలు కల్పించడంతో అచ్చంపేట, అలంపూర్ వంటి దూరపు ఊళ్ళవారు ప్రతి వాయిదాకూ మహబూబ్‌నగర్ బస్సెక్కే అవసరం తగ్గవచ్చు.