కోత చిన్నదే, ఆపరేషన్ చిన్నది కాదు

యాంజియోగ్రామ్ చూసి డాక్టరు బైపాస్ మాట ఎత్తగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఈమధ్య మారింది. "ఎముక కొయ్యకుండా చేసే బైపాస్ వచ్చిందట కదండీ, అది చేయించొచ్చా?" అంటున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ దాని వెనక రెండు నమ్మకాలున్నాయి. ఇది స్టెంటు వేసినంత తేలికైన పని అని ఒకటి, నిన్నమొన్న పుట్టిన టెక్నిక్ అని ఇంకొకటి. రెండూ తప్పే. ‘కోత లేని బైపాస్’ అంటూ చేసే ప్రచారం ఈ అయోమయాన్ని ఇంకా పెంచుతోంది. కోత ఉంటుంది. దాని చోటు మారుతుంది, పొడవు తగ్గుతుంది, అంతే.

అసలు బ్లాకు అంటే నాళంలో పేరుకున్న మురికి కాదు. కొవ్వు, సున్నం కలిసి రక్తనాళం గోడలోనే, లోపొర కింద పెరుగుతాయి. అందుకే అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం, యాపిల్ సిడర్ వెనిగర్ కాచి తేనె కలుపుకుని తాగితే బ్లాకులు కరిగిపోతాయనే వాట్సాప్ చిట్కా కనబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కషాయం తాగితే పోయేది కడుపులోకి. గోడ లోపల గడ్డకట్టిన సున్నాన్ని అది కడగలేదు. దాన్ని నమ్ముకుని యాస్పిరిన్, స్టాటిన్ మాత్రలు మానేసినవాళ్లు ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు.

బైపాస్‌లో కూడా బ్లాకును తీసెయ్యరు. కాలువ పూడిపోతే ఆ పూడిక జోలికి పోకుండా, దానికి దిగువన నీళ్లు కలిసేలా మరో పిల్లకాలువ తెచ్చినట్టన్నమాట. ఆ పిల్లకాలువ తేవడానికి రెండు దారులున్నాయి. కాలి నుంచి తీసిన సిరను ఒక కొసన మహాధమనికి, మరో కొసన బ్లాకు దాటాక కలపడం ఒక దారి. ఇది కొత్తగా తవ్విన కాలువ. పైన తూము, కింద కలయిక రెండూ మనమే కట్టాలి. రెండో దారి ఇంకా అందమైనది. రొమ్ము ఎముక పక్కనే, ఛాతీ గోడ లోపలివైపు, భుజం కిందినుంచి దిగే ఒక ధమని ఉంది. డాక్టర్లు ‘లీమా’ అంటారు. అది ఎప్పటినుంచో పారుతున్న కాలువ. పైన తూము కట్టే పని లేదు, కింది కొసను విడదీసి గుండెవైపు మళ్లిస్తే చాలు. గుండె ముందు భాగమంతటికీ రక్తం పోసే ఎల్‌ఏడీ అనే నాళానిది అన్నిటికన్నా పెద్ద ఆయకట్టు. లీమాను దానికే కలుపుతారు.

కాలువ నాణ్యతలో కూడా తేడా ఉంది. సిర తక్కువ ఒత్తిడికి అలవాటుపడ్డ నాళం. ధమనిలోని వడికి దాని గోడ మందమెక్కుతుంది. పదేళ్లలో అలాంటివి దాదాపు సగం మూసుకుపోతాయి. లీమా మాత్రం పదేళ్ల తర్వాత కూడా 90 శాతానికి పైగా తెరుచుకునే ఉంటుంది. అది వాడినవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ సర్జన్లు 1986లోనే చూపించారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. లీమా ఉండేది ఎడమ వైపు. ఎల్‌ఏడీ ఉండేదీ ఎడమ వైపే, గుండె ముందర. ఎడమ రొమ్ము కింద పక్కటెముకల సందులో ఆరేడు సెంటీమీటర్ల కోత పెడితే రెండూ అందుతాయి. చిన్న కోత బైపాస్ సాధ్యమైంది ఈ పొరుగుతనం వల్లే.

దీన్ని మొదట చేసినవాడిని నేను ఎంత తలుచుకున్నా తనివి తీరదు. లెనిన్‌గ్రాడ్‌లో వసీలీ కొలెసోవ్ అనే సర్జన్, 1964 ఫిబ్రవరిలో, ఎడమ పక్కటెముకల సందులోంచి, గుండె కొట్టుకుంటుండగానే లీమాను గుండె నాళానికి కలిపాడు. ఈ వైద్యానికి భవిష్యత్తు లేదని సోవియట్ గుండె వైద్యులే తేల్చేసినా ఆయన మానలేదు. ఆ తర్వాత 1967లో రెనే ఫవలోరో అనే సర్జన్ కాలి సిరతో చేసిన బైపాస్‌కు పేరొచ్చింది. రొమ్ము ఎముకను నిలువునా కోసి, గుండె ఆపి, మెషీన్ మీద రక్తం నడిపించే పద్ధతి ప్రపంచమంతా స్థిరపడింది. అలా తెరిస్తే గుండె అన్ని వైపులా అందుతుంది కాబట్టి అది నేటికీ మంచి పద్ధతే. కొలెసోవ్ దారికి సర్జన్లు మళ్లీ వచ్చింది 1990ల్లో.

లోపల జరిగే పని చూస్తే ఇది చిన్న ఆపరేషన్ అని ఎవరూ అనరు. మత్తు డాక్టరు ఎడమ ఊపిరితిత్తికి గాలి ఆపేసి, కుడిదానితోనే శ్వాస నడిపిస్తారు. ఎడమది ముడుచుకుంటే గుండె కనబడుతుంది. ఛాతీ గోడకు అంటుకుని ఉన్న లీమాను, దాని కొమ్మలను ఒక్కొక్కటే మూసుకుంటూ, జానెడు పొడవున విడదీస్తారు. తర్వాత గుండెమీద రెండు చిన్న పాదాలున్న స్టెబిలైజర్ పెడతారు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఆ పాదాల మధ్య అంగుళం మేర మాత్రం కదలిక నిలుస్తుంది. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండని ఎల్‌ఏడీని అక్కడ నిలువుగా చీల్చి, లీమా కొసను ఏటవాలుగా కత్తిరించి, వెంట్రుకంత సన్నని దారంతో చుట్టూ పది పన్నెండు కుట్లు వేస్తారు. నెత్తురు అడ్డొస్తుంటే తుంపరతో కలిపిన కార్బన్ డయాక్సైడ్‌ను ఊదుతూ కుట్టేచోటు కనబడేలా ఉంచుతారు. ఒక్క కుట్టు అవతలి గోడను పట్టుకుందంటే కాలువ మొదట్లోనే పూడినట్టు. తెరిచిన ఛాతీలో రెండు చేతులూ పెట్టి చేసే ఇదే పనిని ఇక్కడ పొడవాటి పరికరాలతో ఇరుకు సందులోంచి చెయ్యాలి.

మిగతా నాళాల్లో బ్లాకులుంటే కొందరు సర్జన్లు అదే కోతలోంచి వాటికీ కలుపుతారు. కొన్నిచోట్ల ఎల్‌ఏడీకి లీమా కలిపి, మిగతావాటికి స్టెంట్లు వేస్తారు. దాన్ని హైబ్రిడ్ అంటారు. రోబో వాడినా కుట్టేది సర్జనే, చెయ్యి మాత్రం దూరంగా ఉంటుంది.

రోగికి లాభం లేదని కాదు. రొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అన్నాళ్లూ బండి నడపకూడదు, బరువులెత్తకూడదు. షుగర్ ఉన్నవాళ్లకు ఆ ఎముక దగ్గర చీము పట్టే ప్రమాదం ఎక్కువ. పక్కటెముకల సందులోంచి చేస్తే ఈ బాధ తప్పుతుంది, రెండు మూడు వారాల్లో చాలామంది మామూలు పనుల్లో పడతారు. అయితే పక్కటెముకల కింద నరాలుంటాయి కాబట్టి మొదటి నాలుగైదు రోజులు నొప్పి ఎముక కోసినప్పటికంటే ఎక్కువగానే ఉండొచ్చు. ఇది ముందుగా చెప్పకపోతే రోగి బెంబేలెత్తిపోతాడు.

అందరికీ ఇది కుదరదు. గుండెపోటుతో అత్యవసరంగా వచ్చినవాళ్లకు, ఒక్క ఊపిరితిత్తి మీద నెట్టుకురాలేనివాళ్లకు, ఎడమ ఛాతీలో ఇంతకుముందు ఆపరేషన్ అయినవాళ్లకు, ఎల్‌ఏడీ కండరంలో లోతుగా కూరుకుపోయినవాళ్లకు సాధారణంగా ఎముక తెరిచే చేస్తారు. అంగీకార పత్రంలో ‘అవసరమైతే రొమ్ము ఎముక తెరుస్తాం’ అనే వాక్యం చూసి, మోసం చేస్తున్నారని గొడవకు దిగే బంధువులున్నారు. మధ్యలో రక్తపోటు పడిపోయినా, నాళం అందకపోయినా సర్జన్ నిమిషాల్లో అటు మళ్లాలి. అందుకే ఆ గదిలో రక్తం నడిపించే మెషీన్, దాన్ని నడిపే మనిషి మొదటినుంచీ సిద్ధంగా ఉంటారు.