మీకు తెలుసా? చలికి పండిన గరిక చావలేదు

చవితి నాడు హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజా, శాలిబండ ఇళ్లలో వినాయకుడికి పెట్టే గరిక, గోల్ఫ్ మైదానాల్లో పరిచే బెర్ముడా గడ్డి ఒకటే జాతి. ఎండంటే దీనికి ప్రాణం, చలి మాత్రం పడదు. ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగితే ఎదుగుదల మందగిస్తుంది. నేల 10 డిగ్రీలకు చల్లబడితే దాదాపు నిద్రే. అందుకే డిసెంబరు, జనవరిల్లో పాతబస్తీలోనూ గరిక లాన్లు నిగ్గు తగ్గి అక్కడక్కడా గోధుమరంగుకు తిరుగుతాయి.

రంగు పోవడానికి చలితో పాటు ఎండా కారణమే! చలికి ఆకులోని ఎంజైములు నెమ్మదిస్తాయి, పగటి వెలుతురు మాత్రం అంతగా తగ్గదు. వాడుకోలేనంత వెలుతురు మీద పడి పత్రహరితం దెబ్బతింటుంది. పైన ఆకు ఎండినా నేలలోని కాండాల్లో పిండిపదార్థం భద్రంగా ఉంటుంది. వేడి తగలగానే అక్కడి నుంచే చిగురు వస్తుంది.

అమెరికాలో చాలాచోట్ల మాత్రం చలి ఈ గడ్డి ప్రాణమే తీస్తుంది. అక్కడ కొత్త గరిక రకాల కోసం వేట పాతదే. 1960లో జార్జియాలోని టిఫ్టన్‌లో శాస్త్రవేత్త గ్లెన్ బర్టన్ మామూలు గరికకు, ఆఫ్రికా గరికకు పుట్టిన సంకర రకం టిఫ్‌వే 419ను విడుదల చేశారు. అది గింజ కట్టదు, పిలకలు నాటాల్సిందే. ఇక అమెరికాలోనే ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం చలికి చావని రకాల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. దాని రకాలు లాటిట్యూడ్ 36, నార్త్‌బ్రిడ్జ్ 2010లో వచ్చాయి, తర్వాత తహోమా 31. చలిని ఓర్చుకునే గరికలో కణాల లోపల చక్కెరలు పేరుకుంటాయి, కణపొరల్లోని కొవ్వు చలికి బిగుసుకోని రకంగా మారుతుంది. ఒక గడ్డిపోచలో ఇంత ఏర్పాటు ఉండడం నిజంగా అబ్బురమే.

అయితే చలికి చావకపోవడం వేరు, చలిలో పచ్చగా ఉండడం వేరు. మొదటిది ఓక్లహోమా అవసరం. రెండోదాని కోసం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాస్త్రవేత్తలు కృషి చేస్తున్నారు. హైదరాబాద్‌లో నమోదైన కనిష్ఠం 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. మంచు గడ్డకట్టే ఊరు కాదు మనది. కాబట్టి మనకు పనికొచ్చేది రెండో పరిశోధనే.

అందాకా, జనవరిలో లాన్ రంగు మారిందని తవ్వి పారేయకండి. నిద్రపోయే గడ్డికి నీళ్లు తగ్గించండి, మరీ పొట్టిగా కత్తిరించకండి, ఫిబ్రవరి ఆఖరు దాకా ఆగండి.