2147483647 ప్రధాన సంఖ్యేనా?

1644లో ఫ్రాన్స్ దేశపు మతాచార్యుడు మెర్సెన్, 2ⁿ − 1 ఏయే n విలువలకు ప్రధాన సంఖ్య అవుతుందో ఒక జాబితా ప్రకటించాడు. అందులో 31 ఉంది, 67 కూడా ఉంది. 67 తప్పని తరవాత తేలింది. మరి 31ని నమ్మడం ఎలా?

n ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన 2ⁿ − 1 ప్రధాన సంఖ్య కానక్కరలేదు. ఉదాహరణకు, 2¹¹ − 1 = 2047 = 23 × 89. అందుచేత ప్రతిదాన్నీ విడిగా నిరూపించాలి.

2³¹ − 1 = 2147483647. దీని వర్గమూలం 46,341 కన్నా కొంచెం తక్కువ. అంతవరకు 1ని మినహాయించి బేసి సంఖ్యలే 23,169 ఉన్నాయి. అన్నింటితో భాగించి చూడాలా? అక్కర లేదు.

q అనే ప్రధాన సంఖ్య దీనిని నిశ్శేషంగా భాగిస్తుందనుకోండి. అప్పుడు 2³¹ ను q తో భాగిస్తే శేషం 1. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 2^(q−1) కి కూడా శేషం 1. 31 ప్రధాన సంఖ్య కాబట్టి, శేషం 1 వచ్చే కనిష్ఠ ఘాతం 31 మాత్రమే. కనుక q − 1 ని 31 భాగిస్తుంది. q బేసి సంఖ్య గనుక q − 1 సరి సంఖ్య. అంటే q = 62k + 1.

ఇంకొక షరతు కూడా ఉంది. 2³² ను q తో భాగిస్తే శేషం 2. కాని 2³² అనేది 2¹⁶ యొక్క వర్గం. ఒక వర్గ సంఖ్యకు శేషం 2 రావాలంటే, q ను 8తో భాగించినప్పుడు శేషం 1 లేదా 7 కావాలి. ఇది వర్గశేషాల సిద్ధాంతంలోని ఫలితం.

రెండు షరతులూ కలిపితే q రూపం 248m + 1 లేదా 248m + 63. 46,340 లోపు ఇలాంటివి, 1ని, ప్రధాన సంఖ్య కాని 63ని వదిలేస్తే, 372 మాత్రమే. వాటిలోనూ 249 = 3 × 83 వంటి సంయుక్త సంఖ్యలను విడిచిపెట్టవచ్చు. మొదట పరీక్షించవలసినది 311. శేషం 35 వస్తుంది. చివరివరకు ఏదీ నిశ్శేషంగా భాగించదు. కాబట్టి 2147483647 ప్రధాన సంఖ్యే.

ఈ పని ఆయిలర్ పూర్తిచేశాడు. 1772లో ఫలితం ప్రకటించేనాటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. సంఖ్య పెద్దదని భయపడకండి. భాగహారం మొదలుపెట్టే ముందు భాజకం ఎలా ఉండి తీరాలో ఆలోచించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 2¹³ − 1 = 8191 ప్రధాన సంఖ్య అని ఇదే పద్ధతిలో చూపండి. (సూచన: 26k + 1 రూపం తీసుకోండి. ఒక్క భాగహారం చాలు.)