తొలి పందెము

గుంటూరు నగరమునకు దక్షిణమున ప్రత్తిపాడు కలదు. ఆ గ్రామము పేరులోనే ప్రత్తి యున్నది. చుట్టును కనుచూపు మేర నల్లరేగడి చేలు. వానిలో ప్రత్తియు, మిరపయు ముఖ్యమైన పంటలు. ఈ రేగడి వానకు తడిసినచో జిగురువలె కాలికి అంటుకొనును. ఎండకు ఆరినచో రాయివలె బిగిసి బీటలు వారును. ఇట్టి నేలను లోతుగా దున్నుట సామాన్యమైన పశువుల వలన కాదు. ఆ పనికి తగిన బలమును, ఓర్పును గలవి ఒంగోలు జాతి ఎడ్లు.

గుండ్లకమ్మ పరిసర ప్రాంతము ఈ జాతికి పుట్టినిల్లు. తెల్లని మేను, ఎత్తైన మూపురము, వ్రేలాడు గంగడోలు, పొట్టి కొమ్ములు, గంభీరమైన నడక వీని లక్షణములు. తరతరములుగా రైతు ఇంట ఎద్దు కుటుంబములోని ఒకరి వంటిది. కనుమ పండుగనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, పూజించుట మన ఆచారము.

తరువాత ట్రాక్టరు వచ్చినది. ఒక జత ఎడ్లు దినమంతయు దున్ను పొలమును అది స్వల్పకాలములోనే దున్నును. పని లేని దినములలో మేత అడుగదు. రైతు దానిని వాడుటలో తప్పు లేదు. కాని దాని వెంట ఒక కష్టమైన ప్రశ్న కూడ వచ్చినది. పని లేని ఎద్దు నేమి చేయవలెను? పని యున్నను, లేకున్నను దానికి ప్రతిదినము మేతయు, నీరును కావలెను. ఆ భారమును మోయలేని రైతులు పశువులను సంతకు తోలిరి. సేద్యమునకు కొనువారు దొరకని పశువు తుదకు కబేళాకు చేరుచుండెను.

ఈ దుఃస్థితి మన ఎడ్లకు మాత్రమే కలుగలేదు. అమెరికాలో పొలములు దున్నిన గుఱ్ఱములకును ట్రాక్టరు వలన ఇట్టి గతియే పట్టెను. వానిలో ఒకదాని కథ లోకప్రసిద్ధమైనది. 1956వ సంవత్సరమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని న్యూ హాలండు అను ఊరిలో గుఱ్ఱముల వేలము జరిగెను. హారీ డి లేయర్ అను స్వారీ ఉపాధ్యాయుడు అచ్చటికి ఆలస్యముగా చేరెను. అప్పటికి మంచి గుఱ్ఱములన్నియు అమ్ముడుపోయినవి. మిగిలిన వానిని కబేళాకు కొనిపోవుటకు లారీలో ఎక్కించియుండిరి. వాని నడుమ నున్న ఒక తెల్లని గుఱ్ఱము అతని కంటబడెను. దాని మేనంతయు మురికి. ఱొమ్మున నాగలి పట్టెడ ఒరసిన మచ్చలు. అయినను దాని నెమ్మదితనము అతని నాకర్షించెను. 80 డాలర్లిచ్చి దానిని దింపించెను. ఆ గుఱ్ఱమునకు స్నోమాన్, అనగా మంచుమనిషి, అని పేరు వచ్చెను.

డి లేయర్ తన పాఠశాలలోని బాలికలకు స్వారీ నేర్పుటకు దానిని వాడెను. కొంతకాలమునకు పొరుగున నున్న ఒక వైద్యునకు అమ్మివేసెను. కాని స్నోమాన్ అచ్చటి కంచెలను దూకి పాత యజమాని ఇంటికి తిరిగివచ్చుచుండెను. అప్పుడు గాని దాని దూకుటలోని శక్తి అతనికి తెలియలేదు. దానిని మరల తీసికొని శిక్షణ ప్రారంభించెను. మొదట అది తక్కువ ఎత్తున నుంచిన కఱ్ఱలకే తడబడెను. అతడు విసుగు చెందలేదు. 1958లో దానిని పెద్ద ప్రదర్శనలకు గొనిపోయెను. అచ్చట పోటీకి నిలిచినవి గొప్ప వంశములలో పుట్టి, ఎంతో ధర పలుకు గుఱ్ఱములు. ఆ యేడే స్నోమాన్ న్యూయార్కు నగరములోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో జరిగిన జాతీయ ప్రదర్శనలో కంచెలు దూకు పోటీయందు విజేత యయ్యెను. మరుసటి యేడును అదియే అగ్రస్థానమున నిలిచెను. 1974లో అది చనిపోయెను.

నాగలి విడిచిన ఆ గుఱ్ఱమునకు పోటీ రెండవ జన్మ నిచ్చినట్లే, గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ఒంగోలు ఎడ్లకు బండలాగుడు పందెము ఒక క్రొత్త పని కల్పించినది. తిరునాళ్ళలోను, సంక్రాంతి దినములలోను ఈ పందెములు జరుగుచుండును. ఎడ్ల జతకు బరువైన రాతిబండను కట్టుదురు. నిర్ణీత కాలములో జత ఎన్ని అడుగుల దూరము లాగినదో కొలిచి బహుమతుల నిత్తురు. వయస్సును పండ్లనుబట్టి నిర్ణయించి, పాలపండ్లవానిని, రెండు పండ్లవానిని, నాలుగు పండ్లవానిని, ఆరు పండ్లవానిని వేర్వేరు తరగతులుగా విభజింతురు. పిల్ల గిత్తను ముదురు ఎద్దుతో పోటీకి నిలుపుట న్యాయము కాదు గదా!

తొలి పందెమునకు గిత్తను సిద్ధము చేయుట ఓర్పుతో కూడిన పని. ముందుగా అది మనిషి చేతిని నమ్మవలెను. అందుకై యజమాని దానిని దినమును తోమి, కడిగి, నిమిరి మచ్చిక చేసికొనును. ఉలవలు, ప్రత్తిగింజలు, చొప్ప మొదలగునవి పెట్టి పోషించును. పిదప కాడి నెత్తుట, నడక, తేలిక బరువు, అధిక బరువు క్రమముగా నేర్పవలెను. దాపట నున్నదియు, వలపట నున్నదియు ఒక్క అడుగుగా నడువవలెను. ఒకటి ముందునకు లాగి రెండవది వెనుకకు తగ్గినచో ఎంత బలమున్నను బండ కదలదు. ఇంత నేర్చిన జతయైనను తొలిసారి జనసమ్మర్దమును, డప్పుల మ్రోతను, కేకలను వినినంతనే బెదరవచ్చును. అప్పుడు దానిని నిలుపునది పరిచితమైన గొంతుక యొక్కటే. తెలిసిన యజమాని ఆనాడు బహుమతి సంగతి తలపడు. సాయంకాలము గిత్త మేత ముట్టినదా, లేదా యని చూచును.

అయితే పందెము మేలు చేసినట్లే కీడును చేయగలదు. గెలుపుపై మోహము ముదిరినచో ముల్లుకఱ్ఱ చేతికి వచ్చును. మూగజీవము నెత్తురు కార్చును. జంతువులను కొట్టుట, శక్తికి మించి శ్రమపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. 1965వ సంవత్సరపు నియమములు పశువులను తోలుటకు ముల్లుకఱ్ఱ వాడుటను నిషేధించినవి. అనవసరమైన బాధ లేక బ్రదుకు హక్కు జంతువులకు కలదని 2014లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

పందెములకు ఎక్కునవి కొన్ని ఎడ్లు మాత్రమే. అవి మాత్రమే జాతిని నిలుపజాలవు. గుంటూరు చెంతనున్న లాం పశు పరిశోధన కేంద్రము ఒంగోలు జాతి సంరక్షణకై కృషి చేయుచున్నది. బ్రెజిలు దేశస్థులు ఈ జాతి పశువులను కొనిపోయి, నెల్లూరు పేరుతో కోట్లుగా వృద్ధి చేసికొనిరి. దూరదేశమువారు విలువ నెరిగి పెంచుకొన్న పశువు పుట్టినింట కరవైపోరాదు.

పందెములో మొదటి బహుమతి ఒక్క జతకే వచ్చును. బహుమతి రాని జతకును ఆ రాత్రి కడుపునిండ మేతయు, మెడపై నిమురు చేయియు దొరకవలెను. అట్టి యింట ఎద్దు నిలుచును.