బంగారం పెరుగుతుందని ముందే తెలిసినా డబ్బు ఎలా పోతుంది?



శ్రీరామనవమి రోజు పానకం పంచుతుంటే మన సభ్యులు ఒక అంకుల్ నన్ను పక్కకు పిలిచారు. "బాబూ, నువ్వు కంప్యూటర్ల వాడివి కదా, ఇందులోంచి డబ్బులు ఎలా తీయాలో కాస్త చూడు" అని ఫోన్ నా చేతిలో పెట్టారు. తెర మీద 38,000 డాలర్లు అని కనిపిస్తోంది. ఆయన పంపింది 11,000. "గోల్డ్ ట్రేడింగ్ అమ్మా, వాట్సాప్ గ్రూపులో ఎప్పుడు కొనాలో వాళ్ళే చెప్తారు" అన్నారు. తీసుకోబోతే ముందు 15 శాతం పన్ను కట్టమంటోందట.

అదే నెలలో నా వయసు సభ్యుడొకరు, మంచి ఉద్యోగంలో ఉన్నవారు, ప్రభుత్వ నమోదు ఉన్న కంపెనీలో ఖాతా తెరిచి మూడు వారాల్లో 9,000 డాలర్లు పోగొట్టుకున్నారు. ఆ మూడు వారాల చివరికి బంగారం ధర ఆయన అనుకున్నట్టే పెరిగింది కూడా. అయినా డబ్బు పోయింది.

మొదటిది మోసం. రెండోదానిలో మోసమేమీ లేదు, అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. కానీ ఇద్దరూ దాన్ని "ట్రేడింగ్" అనే అంటున్నారు. మన వెబ్‌సైట్‌లో పూజల బుకింగ్ కొత్తగా ఎలా పనిచేస్తుందో రాయమని సంపాదకులు నన్ను అడిగారు. అది వచ్చే సంచికలో రాస్తాను. ఇద్దరి అనుమతీ తీసుకుని ఇప్పుడు ఇది రాస్తున్నాను. నేను ఆర్థిక సలహాదారుని కాను. ఒకసారి చేతులు కాల్చుకున్నవాడిని మాత్రమే, ఆ కథ కూడా చెప్తాను.

అసలు ఈ కమాడిటీ ఫ్యూచర్స్ ఎందుకు పుట్టాయో చూద్దాం. నిజామాబాద్ వైపు పసుపు వేసిన రైతు ఉన్నాడనుకోండి. పంట చేతికొచ్చేసరికి ధర పడిపోతుందేమోనని ఆయన భయం. పసుపు కొని పొడి చేసి అమ్మే మిల్లువారికి ధర పెరుగుతుందేమోనని భయం. ఇద్దరూ ఫలానా నెలలో ఫలానా ధరకు అని ముందే ఒప్పుకుంటే ఇద్దరికీ నిద్ర పడుతుంది. ఆ ఒప్పందాన్ని ఎక్స్ఛేంజ్‌లో కొనుక్కునేలా, అమ్ముకునేలా చేస్తే అదే ఫ్యూచర్స్ కాంట్రాక్టు. నిజామాబాద్ పసుపుకు ఇండియాలో ఎన్‌సీడీఈఎక్స్ అనే ఎక్స్ఛేంజ్‌లో ఇలాంటి కాంట్రాక్టు ఉంది. ఇక్కడ షికాగోలో ధాన్యంతో 1848లో మొదలైన మార్కెట్ కూడా ఇలాంటి అవసరంలోంచి వచ్చిందే. పసుపు లేని, మిల్లు లేని మనలాంటివాళ్ళం అందులోకి వెళ్తే వాళ్ళు వదిలించుకుంటున్న భయాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం. అది తప్పని అనను. ఏం కొంటున్నామో తెలిసి కొనాలి, అంతే.

ఇప్పుడు బంగారం. మన ఇళ్ళలో బంగారం గురించి ఒకరు చెప్పక్కర్లేదు. అమ్మమ్మల దగ్గర్నుంచి అందరికీ తెలుసు, పడ్డా లేస్తుందని. ఈ ధైర్యంతోనే చాలామంది గోల్డ్ ఫ్యూచర్స్‌లోకి వెళ్తున్నారు. ఇక్కడే చిక్కుంది.

షికాగో వాళ్ళ మామూలు గోల్డ్ కాంట్రాక్టు 100 ఔన్సులు. అంటే 3 కిలోల 110 గ్రాములు, మన లెక్కలో 311 తులాలు. ఒక్క కాంట్రాక్టు కొంటే 311 తులాల లాభనష్టాలు మీవే. ఔన్సు ధర 10 డాలర్లు కదిలితే మీ ఖాతా 1,000 డాలర్లు కదులుతుంది. కానీ అంత బంగారానికి డబ్బు మొత్తం కట్టనక్కర్లేదు. మార్జిన్ అని చిన్న వంతు కడితే చాలు. చాలామంది దీన్ని అడ్వాన్సు అనుకుంటారు, మిగతాది తర్వాత నెమ్మదిగా కట్టొచ్చన్నట్టు. అది హామీ సొమ్ము. ఆ రోజు మీకొచ్చిన నష్టం ఆ రోజే మీ ఖాతాలోంచి తీసేస్తారు. మిగిలింది ఒక గీత కిందికి దిగితే వెంటనే మళ్ళీ నింపమంటారు. నింపకపోతే మిమ్మల్ని అడగకుండానే మీ కాంట్రాక్టు అమ్మేస్తారు. అదే మార్జిన్ కాల్. మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఇదంతా ఉంటుంది. చదివినవాళ్ళు తక్కువ, నాతో సహా.

2013 ఏప్రిల్ 12 శుక్రవారం, 15 సోమవారం గుర్తున్నాయా? ఆ రెండు రోజుల్లో ఔన్సు బంగారం సుమారు 200 డాలర్లు పడింది, అందులో 140 సోమవారం ఒక్కరోజే. అక్షయ తృతీయకు నెల ముందు కదా, ఇండియాలో జనం నగల షాపుల ముందు క్యూ కట్టారు. బంగారం చవకైందని సంతోషం. అదే రోజు ఒక కాంట్రాక్టు పట్టుకుని ఉన్నవాడికి రెండు రోజుల్లో సుమారు 20,000 డాలర్ల నష్టం. అప్పట్లో అతను కట్టిన మార్జిన్ 6,000 డాలర్లకు లోపే. అంటే కట్టిందంతా పోయి, ఇంకా 14,000 బాకీ. పైగా ధర అలా ఊగుతుంటే ఎక్స్ఛేంజ్ వాళ్ళు మార్జిన్ కూడా పెంచుతారు, అప్పుడూ పెంచారు.

తర్వాత ఏమైంది? 2015 చివరికి బంగారం 1,050 దగ్గరకు దిగింది. పడకముందున్న ధర మళ్ళీ కనబడేసరికి 2020 వచ్చింది. 2025లో 3,000 దాటి, అదే ఏడాది 4,000 కూడా దాటింది. 2013లో కొన్న గొలుసు బీరువాలో హాయిగా ఉంది. దాని యజమానికి మధ్యలో ఎవరూ ఫోన్ చేసి డబ్బు కట్టమనలేదు. కాంట్రాక్టు కొన్నవాడు కూడా బంగారం పెరుగుతుందనే అనుకున్నాడు, అతని మాటే నిజమైంది. కానీ అతను సోమవారం సాయంత్రానికే ఆటలో లేడు. మన రెండో సభ్యుడికి జరిగింది కూడా సరిగ్గా ఇదే, చిన్న కొలతలో. ఆయన కొన్నవి 10 ఔన్సుల మైక్రో కాంట్రాక్టులు. అవి చిన్నవే, కానీ ఆరు కొన్నారు.

మన సొంత డబ్బుతో కొన్న వస్తువుకు ఓపిక పనికొస్తుంది. మార్జిన్ మీద కొన్నదానికి ఓపిక ఉండాలంటే ఖాతాలో ఇంకా బోలెడు డబ్బు ఉండాలి. అంత డబ్బు ఉన్నవాళ్ళు మార్జిన్ జోలికి ఎందుకు వెళ్తారన్నది నా సందేహం.

కట్టినదానికంటే ఎక్కువ పోతుందా అని మొన్న ఒకరు అడిగారు. 2020 ఏప్రిల్ 20న ముడి చమురు మే నెల కాంట్రాక్టు మైనస్ 37 డాలర్ల 63 సెంట్ల దగ్గర ముగిసింది. కోవిడ్ రోజులు, నూనె వాడేవాళ్ళు లేరు, నిల్వ చేయడానికి చోటు లేదు. "ఎలాగూ సున్నా కంటే కిందికి పోదు కదా" అని కొన్నవాళ్ళకు, కాంట్రాక్టుకు వెయ్యి బ్యారెల్స్ లెక్కన, ఒక్క రోజులో 55,000 డాలర్లకు పైగా దెబ్బ. ఇండియాలో ఇంకా దారుణం. లాక్‌డౌన్ వల్ల ఎంసీఎక్స్ సాయంత్రం 5 గంటలకే మూసేస్తున్నారు. అప్పటికి అక్కడి ధర బ్యారెల్‌కు వెయ్యి రూపాయలకు కాస్త తక్కువ. రాత్రి అమెరికాలో ధర కూలింది. చివరికి మైనస్ 2,884 రూపాయల దగ్గర లెక్క తేల్చారు. అమ్ముకుని బయటపడదామన్నా అప్పుడు మార్కెట్టే తెరిచి లేదు.

కరెన్సీల సంగతికి వస్తే, ఫారెక్స్‌లో ఈ అప్పు ఇంకా పెద్దది. అమెరికాలో మామూలు ఖాతాదారుకు డాలరు, యూరో, యెన్ లాంటి ప్రధాన కరెన్సీల్లో 50 రెట్ల వరకు అనుమతి ఉంది. 2,000 డాలర్లు పెట్టి లక్ష డాలర్ల వ్యాపారం. అంటే ధర 2 శాతం ఎదురు తిరిగితే మీ 2,000 గల్లంతు. బ్రిటన్, యూరప్‌లలో 30 రెట్లకు తగ్గించారు. విదేశీ దీవుల్లో నమోదైన కంపెనీలు 500 రెట్లు ఇస్తామంటాయి. అది వరంలా చెప్తారు.

ధర అసలు కదలకపోయినా ఖర్చు ఉంది. యూరో–డాలర్‌లో కొనే ధరకు, అమ్మే ధరకు మధ్య ఒక పిప్ తేడా ఉందనుకోండి, అంటే దశాంశం తర్వాత నాలుగో అంకెలో ఒకటి. లక్ష యూనిట్ల మీద అది 10 డాలర్లు. రోజుకు ఐదుసార్లు కొని అమ్మితే 50 డాలర్లు. 2,000 డాలర్ల ఖాతాలో అది రోజుకు రెండున్నర శాతం. లాభనష్టాలు సరిసమానంగా వచ్చినా రెండు నెలల్లో ఖాతా ఖాళీ. అన్నట్టు, ఫారెక్స్‌లో మీ కంపెనీయే మీకు ఎదుటి పక్షం. మీరు కొంటే అమ్మేది వాళ్ళే. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, అమెరికా నిబంధనల ప్రకారం వాళ్ళే మీకు రాసి ఇవ్వాల్సిన సంగతి.

స్టాప్ లాస్ పెట్టుకుంటే సరిపోదా అంటారు. పెట్టుకోవాలి, కానీ అది హామీ కాదు. స్విస్ కేంద్ర బ్యాంకు 2011 నుంచి యూరో 1.20 ఫ్రాంకుల కంటే దిగకుండా కాపాడుతామని చెప్పి, 2015 జనవరి 15న ఉన్నట్టుండి ఆ మాట వదిలేసింది. నిమిషాల్లో ధర పాతాళానికి పోయింది. 1.19 దగ్గర అమ్మేయమని ఆర్డర్ పెట్టుకున్నవాళ్ళకు ఆ ధరకు కొనేవాడు దొరకలేదు. దొరికిన ధరకు, అంటే చాలా కిందన, అమ్ముడుపోయింది. ఆ దెబ్బకు బ్రిటన్‌లో అల్పారి అనే బ్రోకరేజీ దివాలా తీసింది. అమెరికాలో ఎఫ్‌ఎక్స్‌సీఎం 30 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుని నిలబడింది.

ఇప్పుడు నా కథ. ఇంట్లో కూర్చుని కోడ్ రాసేవాడిని కదా, మార్కెట్‌ను ప్రోగ్రామ్‌తో పట్టేస్తాననుకున్నాను. మైక్రో యూరో ఫ్యూచర్స్ కొని అమ్మే ప్రోగ్రామ్ ఒకటి రాసి, ఆరేళ్ల పాత ధరల మీద నడిపి చూశాను. నష్టం వచ్చినచోటల్లా ఒక అంకె మార్చాను. అలా ఓ రెండు వందలసార్లు మార్చాక ఏడాదికి 40 శాతం లాభం చూపించింది. పాత ప్రశ్నపత్రాలన్నీ బట్టీ పట్టి ఎంసెట్‌కు వెళ్ళినట్టు. అసలు పరీక్షలో ఒక్క ప్రశ్నా అది కాదు. నష్టం వస్తే తర్వాతిసారి రెట్టింపు కొనమని కూడా రాశాను, అది నా తెలివితేటలకు పరాకాష్ఠ. ఐదు నెలల్లో 6,400 డాలర్లు పోయాయి, అందులో 2,100 కమిషన్లే. మా ఆవిడకు చెప్పలేదు. ఫిబ్రవరిలో 1099 ఫారం పోస్టులో వచ్చినప్పుడు ఆవిడే కవరు చింపింది. డబ్బు గురించి కంటే, ఐదు నెలలు చెప్పకుండా ఉన్నందుకు చాలా రోజులు బాధపడింది. పన్నుల్లో కూడా ఊరట తక్కువే. ఇలాంటి నష్టాన్ని జీతం మీద ఏడాదికి 3,000 డాలర్ల వరకే తగ్గించుకోనిస్తారు, మిగతాది వచ్చే ఏళ్లకు మోసుకుంటూ పోవాలి.

నా ఒక్కడి చేతగానితనం అయితే ఇది రాయనక్కర్లేదు. 2018లో యూరప్ నియంత్రణ సంస్థ ఎస్మా, సీఎఫ్‌డీలనే ఇలాంటి మార్జిన్ వ్యాపారాల్లో చిన్న మదుపరుల ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయని చెప్పింది. బ్రెజిల్‌లో ఈక్విటీ ఫ్యూచర్స్ డే ట్రేడర్లపై ఒక పరిశోధన జరిగింది. 300 రోజులకు పైగా పట్టు వదలకుండా చేసినవాళ్ళలో 97 శాతం మంది నష్టపోయారు. అంటే అనుభవం వస్తే బాగుపడతామన్న మాట కూడా నిలవలేదు.

అయినా చేసి తీరాలనుకునేవాళ్ళు కనీసం ఒక పని చేయండి. డబ్బు పంపకముందు నేషనల్ ఫ్యూచర్స్ అసోసియేషన్ వెబ్‌సైట్‌లో "బేసిక్" అనే చోట కంపెనీ పేరు వెతకండి. ఐదు నిమిషాల పని, ఉచితం. నమోదు ఉందా, ఇంతకుముందు శిక్షలు పడ్డాయా అన్నీ కనిపిస్తాయి. పేరు ఒక్క అక్షరం తేడాతో ఉన్నా అనుమానించండి. నమోదు ఉన్న కంపెనీ అయినా, షేర్ల ఖాతాలకు ఉండే సిపిక్ రక్షణ ఫ్యూచర్స్‌కు, ఫారెక్స్‌కు లేదు. ఇంకొకటి. ఇండియాలో ఉన్న తమ్ముడి పేరు మీదో నాన్నగారి పేరు మీదో విదేశీ ఫారెక్స్ యాప్‌లో ఖాతా తెరిపించకండి. అక్కడ నివసించేవాళ్ళు విదేశాలకు మార్జిన్ సొమ్ము పంపడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు. అనుమతి లేని యాప్‌ల జాబితా కూడా రిజర్వ్ బ్యాంకే ప్రకటిస్తోంది. చిక్కుల్లో పడేది ఇక్కడున్న మనం కాదు, అక్కడున్న వాళ్ళు.

అంకుల్ గారి యాప్ ఆ బేసిక్ జాబితాలో లేదు. అసలు అది ట్రేడింగ్ యాపే కాదు, అంకెలు చూపించే బొమ్మ. అవతలివాళ్ళు ఏ అంకె కొడితే తెరమీద ఆ అంకె వస్తుంది. నమ్మకం కలగడానికి మొదట్లో ఆయనకు 300 డాలర్లు వెనక్కిచ్చారు కూడా. ఏ ప్రభుత్వమూ డబ్బు తీసుకోవడానికి ముందు వాట్సాప్‌లో పన్ను కట్టించుకోదు. ఎవరైనా అలా అడిగితే అక్కడితో ఆపేయండి, ఇంకొక డాలరు పంపకండి. వెంటనే మీ బ్యాంకుకు ఫోన్ చేయండి. ఎఫ్‌బీఐ వాళ్ళ ఇంటర్నెట్ క్రైమ్ కంప్లయింట్ సెంటర్‌లో, కమాడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు ఇవ్వండి. చాటింగ్‌లు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. కొన్ని వారాల తర్వాత "పోయిన డబ్బు తెచ్చిపెడతాం, కాస్త ఫీజు కట్టండి" అని ఇంకొకరు ఫోన్ చేస్తారు. వాళ్ళూ ఆ ముఠావాళ్ళే అయ్యుంటారు, లేదా వాళ్ళ దగ్గర మీ నంబరు కొన్నవాళ్ళు.

అంకుల్ 15 శాతం కట్టలేదు. మేమిద్దరం కూర్చుని ఫిర్యాదు రాయడానికి రెండు గంటలు పట్టింది. 11,000లో ఏమైనా వస్తుందో లేదో ఇంకా తెలియదు. ఆయన ఆంటీకి ఆ సాయంత్రమే చెప్పారు.

ఇలాంటి యాప్ మీ ఫోన్‌లోనో మీ అమ్మానాన్నల ఫోన్‌లోనో ఉంటే, ప్రతి నెలా రెండో ఆదివారం భోజనాల తర్వాత పుస్తకాల గదిలో ఉంటాను, తీసుకురండి. పేర్లు గది దాటవు. ఏది కొనాలో మాత్రం అడగకండి, నా ప్రోగ్రామ్ సంగతి ఇప్పుడు మీ అందరికీ తెలుసు కదా.