కార్బన్‌తంతువులతో అచ్చుపని

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లకుఁ జేరువనే కంచన్‌బాగున క్షిపణి పరిశోధనాలయము కలదు. 1989లో ఎగిరిన ‘అగ్ని’కై సిద్ధపఱచిన తేలికపదార్థమును నిమ్స్ వైద్యు లొకరు చేతఁబట్టి చూచిరి. 3 కిలోలు మించిన లోహపుఁ గాలికట్టుల నీడ్చుచుండిన పిల్లలకు 300 గ్రాముల కట్టులు లభించెనని కలాముగారు చెప్పెడివారు.

ఆ జాతికే చెందిన కార్బన్‌తంతువస్త్రముతో, ఎపాక్సీ జిగురుతోఁ జిన్నవస్తువుల నింటనే చేయవచ్చును. అచ్చునకు మైనము పూసి, జిగురునఁ దడిపిన వస్త్రమును, దారములు బరువు పడు దిక్కునకే సాగునట్లు పఱచి, మిగులు జిగురును పిండివేయవలెను. గట్టిపఱచు ద్రవమును తూఁచియే కలుపుఁడు. త్వరపడి హెచ్చుగాఁ బోసిన జిగురు సరిగా బిగియదు. గిన్నెడు కలిపి యుంచినచోఁ దానే క్రాఁగి పొగలెగయును. మన వేసవిలోఁ జెప్పనే యక్కఱలేదు! చేతులకుఁ దొడుగులు ధరింపుఁడు. బిగిసిన పిదప నీటితోఁ దడిపియే రాయుఁడు, ఆ నల్లనిధూళి యూపిరితిత్తులకుఁ జేటు.