కుండీలో కరివేపాకు: ఆకు వాడితే వేరు చూడాలి

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో, ఎండ తగిలే కిటికీ దగ్గర, తరచుగా ఒక కరివేపాకు కుండీ కనిపిస్తుంది. అంగట్లో రెబ్బలు దొరికినా, ఇంటి మొక్క నుంచి అప్పుడే దూసిన ఆకు పోపుకు తెచ్చే పరిమళం వేరు. మూడు నాలుగేళ్లు అపురూపంగా పెంచిన ఆ మొక్క ఒకనాడు ఉన్నట్టుండి తల వాలుస్తుంది. ఇంటివారు కంగారుపడి చెంబెడు నీళ్లు పోస్తారు. మర్నాడు మళ్లీ వాడుతుంది; మళ్లీ పోస్తారు. కొద్ది వారాలలో ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలిపోతాయి. “ఈ చలిదేశంలో మన మొక్క బతకదు” అని సరిపెట్టుకుంటారు. అనేక సందర్భాలలో దోషం చలిది కాదు. కంటికి కనిపించే ఆకుకు చేసిన ఉపచారం కనిపించని వేరుకు చేరకపోవడమే అసలు కారణం.

కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానికి చెందినది. దాని శాస్త్రీయ నామం బెర్గెరా కోనిగీ. ముర్రాయా కోనిగీ అని కూడా అంటారు. లిన్నేయస్ శిష్యుడైన జోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పేరు మీద వచ్చిన నామమిది. 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు వైద్యుడుగా వచ్చిన కోనిగ్, 1785లో, నేడు కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన నేలలో ఈ చెట్టు వేళ్లను స్వేచ్ఛగా చాచుకుంటుంది. ఆ వేళ్ల నుంచే చుట్టూ పిలకలు లేస్తాయి. అటువంటి చెట్టుకు కుండీ గోడ ఒక చెరసాల వంటిది.

ఆకు ఎందుకు వాలుతుంది?

లేత ఆకు నిటారుగా నిలవడానికి కారణం దాని కణాలలో నిండిన నీటి ఒత్తిడి. గాలి నిండిన బంతి బిగువుగా ఉన్నట్లే, నీరు నిండిన కణం బిగువుగా ఉంటుంది. దీనినే స్ఫీత స్థితి అంటారు. ఆకులలోని పత్రరంధ్రాల గుండా నీరు నిరంతరం ఆవిరై పోతూ ఉంటుంది. ఈ బాష్పోత్సేకం వలన పోయిన నీటిని వేళ్ల కొసలయందలి మూలకేశాలు మట్టి నుంచి గ్రహించి భర్తీ చేయాలి. ఆదాయం కన్న వ్యయం మించినప్పుడు కణాలు సడలి ఆకు వాలుతుంది.

ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు పొద్దుతిరుగుడు మొక్క ఉన్న కుండీని సీసపు రేకుతో మూసి, ఉదయం, సాయంత్రం తూచి, మొక్క ఎంత నీరు విడుస్తున్నదో లెక్కకట్టాడు. ఆ ఫలితాలను 1727లో ప్రచురించాడు. నేటి గృహిణికి త్రాసు అక్కరలేదు. నీరు పోసిన వెంటనే ఒకసారి, రెండు మూడు రోజుల తరువాత మరొకసారి కుండీని ఎత్తి చూస్తే, మట్టిలో నీరెంత మిగిలిందో బరువే చెబుతుంది.

రెండు విరుద్ధ కారణాలు

ఏళ్ల తరబడి ఒకే కుండీలో ఉన్న మొక్క వేళ్లు గోడను తాకి, దారి లేక, గుండ్రంగా చుట్టుకుంటాయి. క్రమంగా మట్టి తక్కువై వేళ్లే ఎక్కువవుతాయి. నీటిని నిలుపుకునే మట్టి లేనందున పోసిన నీరు త్వరగా ఖర్చవుతుంది. పైగా పీట్ కలిసిన మిశ్రమం బాగా ఎండితే నీటిని వికర్షిస్తుంది, కుంచించుకొని గోడ నుంచి విడిపోతుంది. అప్పుడు పోసిన నీరు ఆ సందు గుండా పళ్లెంలోకి జారిపోతుంది. పళ్లెం నిండింది గనుక మొక్క తాగిందని అనుకుంటాము. నడిమి వేళ్లు మాత్రం పొడిగానే ఉంటాయి.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కారణమూ ఒకటి ఉన్నది. వేళ్లు కూడా శ్వాసిస్తాయి. మట్టి రేణువుల నడుమ ఖాళీలలో గాలికి బదులు ఎప్పుడూ నీరే నిలిచి ఉంటే, ప్రాణవాయువు అందక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు చుట్టూ నీరున్నా దానిని పీల్చుకోలేదు. అందుచేత నీరు లేక వాడిన ఆకూ, నీరెక్కువై వాడిన ఆకూ చూడటానికి ఒకే విధంగా ఉంటాయి.

భేదం తెలుసుకోవడం కష్టం కాదు. మట్టిలోకి రెండు అంగుళాల లోతున వేలు దింపి చూడాలి. పొడిగా ఉండి కుండీ తేలికగా ఉంటే దాహం; తడిగా, బరువుగా ఉండి దుర్వాసన వస్తుంటే నీరు ఎక్కువైనట్లు. మధ్యాహ్నపు ఎండలో కొంచెం వాలి సాయంత్రానికి తేరుకునే మొక్కకు వెంటనే ప్రమాదమేమీ లేదు.

చికిత్స

దాహంతో వాడిన మొక్కను వెంటనే కుండీ మార్చరాదు. ముందు కుండీని గోరువెచ్చని నీరున్న బకెట్టులో, నీరు దాదాపు మట్టి మట్టానికి వచ్చేటట్లు, సుమారు అరగంట నిలపాలి. మట్టి నుంచి బుడగలు రావడం ఆగిన పిమ్మట బయటకు తీసి నీరంతా ఓడనివ్వాలి. మొక్క తేరుకున్న ఒకటి రెండు రోజులకు వేళ్లను పరీక్షించవచ్చు. నీరెక్కువైన మొక్కకు మాత్రం మెత్తబడిన నల్లని వేళ్లను కత్తిరించి, కొత్త మిశ్రమంలో నాటడమే మార్గం.

కుండీ మార్చడానికి అనువైన కాలం వసంతం. కొత్త చిగురు తొడిగే వేళ. పాత కుండీ కన్న రెండు అంగుళాలు మాత్రమే వెడల్పైన, అడుగున రంధ్రాలున్న కుండీని ఎంచుకోవాలి. 2012లో హెండ్రిక్ పూర్టర్ బృందం 65 అధ్యయనాలను సమీక్షించి, కుండీ పరిమాణం రెట్టింపైతే మొక్క జీవద్రవ్యం సగటున 43 శాతం పెరుగుతుందని తేల్చింది. అయితే చిన్న మొక్కను ఒక్కసారిగా పెద్ద తొట్టెలో నాటితే, వేళ్లు చేరని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండి కుళ్లుకు దారితీస్తుంది.

మొక్కను బయటకు తీశాక, చుట్టుకున్న వేళ్లను వ్రేళ్లతో మెల్లగా విడదీయాలి. విడిపోనంత గట్టిగా ఉంటే పదునైన కత్తితో పక్కలనూ అడుగునూ పలుచగా చెక్కవచ్చు. అలాగే వదిలేస్తే ఆ వేళ్లు కొత్త మట్టిలోనూ పాత వలయంలోనే తిరుగుతాయి. పెరటి మట్టికి బదులు పీట్, పెర్లైట్ కలిసిన తేలిక మిశ్రమం వాడి, మునుపటి లోతులోనే నాటాలి. అడుగున గులకరాళ్లు పరచడం వల్ల మేలు లేదు. సన్నని మట్టిలోని నీరు ముతక రాళ్లలోకి సులభంగా దిగదు గనుక, తడిపొర వేళ్లకు మరింత చేరువవుతుంది. నాటిన తరువాత నిండుగా నీరు పోసి, వారం రోజులు తీక్షణమైన ఎండ తగలకుండా ఉంచాలి. కొత్త చిగురు కనిపించే వరకు ఎరువు వేయరాదు.

శీతకాలంలో మొక్క ఎదుగుదల మందగిస్తుంది, కొన్ని ఆకులు రాలుతాయి. అది నీటి కొరకు చేసే ఆక్రందన కాదు. రాత్రి వేడిమి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్న తగ్గకముందే కుండీని లోపలికి తెచ్చి, పైమట్టి ఎండిన తరువాతనే నీరు పోయాలి.

కుండీ మార్చే రోజున పక్కన లేచిన పిలకలను వేళ్లతో సహా వేరుచేసి మిత్రులకు పంచవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. నిమ్మజాతి చెట్లను నాశనం చేసే పచ్చతెగులు 2005లో ఫ్లోరిడాలో, 2012లో కాలిఫోర్నియాలో బయటపడింది. దానిని వ్యాపింపజేసే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీద కూడా నివసిస్తుంది. అందుచేత మొక్కను మరో రాష్ట్రానికి తీసుకుపోయే ముందు అక్కడి వ్యవసాయ శాఖ నిబంధనలు తెలుసుకోవాలి. ఊళ్లోనే ఉన్న పొరుగింటికి ఇచ్చేటప్పుడు కూడా, లేత చిగుళ్లను ఒకసారి తిప్పి చూసి ఇవ్వడం మంచిది.